‘నాకేం షాక్ కొడ్తలేదే!’

వాషింగ్ మెషిన్ ఆగిపోయిన రోజే ఇంట్లో ఎన్ని బట్టలున్నాయో లెక్క తేలుతుంది. మానుకోటలోని ఆ ఇంట్లోనూ అదే జరిగింది. ఆదివారం పొద్దున తొమ్మిదింటికల్లా రెండు బకెట్లు, ఓ ప్లాస్టిక్ టబ్బు తడి బట్టలతో నిండిపోయాయి. మెషిన్‌లో సబ్బునీళ్లు బయటికి పోకుండా అలాగే నిలిచాయి. పక్కనున్న స్పిన్నర్ ‘గుర్ర్’మంటోందే తప్ప తిరగడంలేదు.

‘‘ఇంతదానికి మెకానిక్ ఎందుకు? చూసిపోయినందుకే పైసలడుగుతడు. నేను చూస్త ఆగు’’ అన్నాడు ఇంటాయన. వ్యవసాయ మార్కెట్లో గుమాస్తా ఆయన. సైకిల్ పంక్చర్ నుంచి ఫ్యాను రెగ్యులేటర్ దాకా ఇంట్లో ఏది పాడైనా మొదటి చెయ్యి ఆయనదే. ఫోన్లో ఓ వీడియో చూశాడు. స్క్రూడ్రైవరు, కటింగ్ ప్లేయరు తెచ్చుకున్నాడు. స్విచ్ ఆపేసి మెషిన్‌ను గోడ దగ్గర్నుంచి జరపబోయాడు.

‘‘ఇగో... జర చూసుకోని ముట్టుకో. అది జుమ్మంటది’’ అంది ఆమె.

ఆయన స్విచ్ మళ్లీ వేశాడు. మెషిన్ మూత మీద చెయ్యి పెట్టాడు. రేకు మీద కూడా వేళ్లతో తట్టాడు. ‘‘ఏదీ? నాకేం షాక్ కొడ్తలేదే!’’

ఆ మాట ఆమె వినడం అది మొదటిసారి కాదు. ఏడాది నుంచీ వింటూనే ఉంది.

పీట ఎందుకు వచ్చింది?

ఎనిమిదేళ్ల నాటి సెమీ ఆటోమేటిక్ మెషిన్ అది. రేకు బాడీ. వెనక వరండాలో, తులసికోటకు నాలుగడుగుల దూరంలో ఉంటుంది. తులసికోట దగ్గర చెప్పులేసుకుని తిరగడం ఇష్టంలేక ఆమె అక్కడికి ఒట్టి కాళ్లతోనే వెళ్తుంది. పొద్దున్నే అయిదున్నరకి బట్టలు వేస్తుంది. అవి తిరుగుతుండగానే గిన్నెలు కడుగుతుంది. మళ్లీ ఆ తడి చేతులతోనే వచ్చి, బట్టల్ని స్పిన్నర్‌లోకి మారుస్తుంది. కింద నేల ఎప్పుడూ చెమ్మగానే ఉంటుంది.

ముందటేడు వానాకాలంలో మొదటిసారి రేకుకు చెయ్యి తగిలినప్పుడు చీమ కుట్టినట్టయింది. మర్నాడూ అంతే. ఇంటాయనకు చెప్పింది. ఆయన వచ్చి ముట్టుకుని ‘నాకేం కొడ్తలేదే’ అన్నాడు. అత్తమ్మకు చెప్పింది. ‘‘చల్లగుంటది కదా బిడ్డా, గట్లనిపిస్తది’’ అందామె. ఇక ఎవరికీ చెప్పలేదు. తన ఉపాయం తాను చూసుకుంది. వంటింట్లో పాత చెక్కపీట ఒకటుంటే తెచ్చి మెషిన్ ముందు వేసుకుని, దానిమీద నిలబడి బట్టలు వేయడం మొదలుపెట్టింది. మూత ఎత్తాలంటే చేతికి పొడి తువ్వాల చుట్టుకునేది.

ఇంట్లోవాళ్లంతా మెషిన్ ఎత్తుగా ఉంది కాబట్టి అందడానికి పీట వేసుకుందనుకున్నారు!

ఇలాంటి పీటలు మన ఇళ్లల్లో ఎన్నో. ఫ్రిజ్ హ్యాండిల్‌కు చుట్టిన గుడ్డ, గ్రైండర్ ముందు పరిచిన గోనెపట్టా, కూలర్‌ను కాలితో జరపడం... అన్నీ అలాంటి ఉపాయాలే. ఆ వస్తువును రోజూ ముట్టుకునే మనిషికి తెలిసిన ప్రమాదం, ముట్టుకోని మనుషులకు తెలియదు. అందుకే నమ్మరు.

వరద వచ్చి వెళ్లాక...

2024 ఆగస్టు 31, సెప్టెంబరు 1 తేదీలు మానుకోట జిల్లా మరచిపోలేనివి. కుండపోత వానకు వాగులన్నీ పొంగాయి. కేసముద్రం - ఇంటికన్నె మధ్య రైలుపట్టాల కింద కంకర కొట్టుకుపోయి, పట్టాలు గాల్లో వేలాడాయి. కాజీపేట - విజయవాడ దారిలో రైళ్లు ఆగిపోయాయి. ఆ రాత్రి ఈ ఇంటి వెనక వరండాలోకీ మోకాలి కిందిదాకా నీళ్లొచ్చాయి. తెల్లారేసరికి పోయాయి. మెషిన్ అడుగున మాత్రం ఎర్రటి బురద మిగిలింది.

మూడురోజులు ఎండ తగిలాక ఎవరూ రెండోమాట ఆలోచించలేదు. ప్లగ్ పెట్టి స్విచ్ వేశారు. మెషిన్ తిరిగింది. ‘బతికిపోయినం’ అనుకున్నారు. నిజానికి చేయకూడని పని అదే. సెమీ ఆటోమేటిక్ మెషిన్‌లో మోటార్లు, కెపాసిటర్లు, వైర్ల అతుకులు చాలావరకు అడుగుభాగంలోనే ఉంటాయి. పైన ఎండిపోయినట్టు కనిపించినా మోటారు చుట్ల మధ్య తడి రోజుల తరబడి ఉండిపోతుంది. వరదనీళ్లలో మునిగిన ఏ కరెంటు వస్తువునైనా తెలిసినవాళ్లు విప్పి, ఆరబెట్టి, పరీక్షించేదాకా ప్లగ్ పెట్టకూడదు.

ఆ తర్వాత చీమ కుట్టినట్టుండేది కాస్తా తేలు కుట్టినట్టయింది. ఆమె తువ్వాలను రెండు మడతలు వేసుకుంది. అంతలోనే ఈ ఆదివారం మెషిన్ మొరాయించింది.

చేతనైనంత వరకు...

ఆయన మళ్లీ స్విచ్ ఆపి వెనక రేకుకున్న స్క్రూ మీద చెయ్యి వేశాడు. ఇంటర్ రెండో ఏడు చదువుతున్న కూతురు అటుగా వచ్చింది. ‘‘నాన్నా, స్విచ్ కాదు... ప్లగ్ తియ్యి’’ అంది.

‘‘ఆఫ్ చేసిన కదనే!’’

‘‘స్విచ్ ఒక వైరునే ఆపుతది. వైరింగ్ చేసినాయన ఫేజు, న్యూట్రల్ అటూ ఇటూ కలిపితే స్విచ్ ఆపినా లోపల కరెంటుంటది.’’

ఆయన ఏమనలేదు. ప్లగ్ తీసి, అందరికీ కనబడేలా మెషిన్ మూత మీద పెట్టాడు. మెషిన్ రిపేరులో మొదటి సూత్రం అదే. ప్లగ్ గోడకు ఉండకూడదు, ఎవరో వచ్చి తెలియక పెట్టేలా కూడా ఉండకూడదు. ఆ తర్వాత నల్లా కట్టేయాలి. నేలమీది నీళ్లు తుడవాలి. చేతులు తుడుచుకోవాలి. స్పిన్నర్ తిరుగుతుంటే అది పూర్తిగా ఆగేదాకా చెయ్యి పెట్టకూడదు. నెమ్మదిగా తిరుగుతున్న స్పిన్నర్‌లో కూడా గుడ్డ వేలికి చుట్టుకుంటే వేలు పోతుంది.

ఇవన్నీ అయ్యాక తండ్రీకూతుళ్లు మగ్గుతో సబ్బునీళ్లు తోడేశారు. బయటికి నీళ్లుపోయే పైపును విప్పారు. ఓ చివర నుంచి చూస్తే రెండో చివర వెలుతురు కనిపించలేదు. సన్నటి కర్రతో మెల్లగా నెట్టారు. దూదిలాంటి నూలుపోగుల ముద్ద, ఓ పిన్నీసు, చొక్కా గుండీ రెండు, బస్సు టికెట్ ముక్క బయటపడ్డాయి. పైపును నీళ్లతో కడిగారు. సగం జబ్బు నయమైంది.

ఇక స్పిన్నర్. దాని మూత సరిగా పడకపోతే తిరగదు. మూత కింద ఓ చిన్న స్విచ్ ఉంటుంది. మూత బాగానే పడుతోంది. బట్టలన్నీ ఓ పక్కకే పేరుకున్నాయా? లేదు, ఖాళీ చేసినా తిరగలేదు. కూతురు ఫోన్ టార్చి వేసి స్పిన్నర్‌కీ, బయటి డబ్బాకీ మధ్య సందులోకి చూసింది. అడుగున నల్లగా ఏదో ఇరుక్కుని ఉంది. చేతి వేళ్లతో అందుకుని లాగితే... తమ్ముడి స్కూలు సాక్సు! వారం నుంచి ఇల్లంతా వెతుకుతున్నది అదే. బట్టల మీద అడ్డుమూత పెట్టకుండా తిప్పితే చిన్న గుడ్డలు ఇలాగే పైకి లేచి సందులో పడతాయి. సాక్సు తీశాక స్పిన్నర్‌ను చేత్తో తిప్పితే తేలిగ్గా తిరిగింది.

ఇంటాయన ముఖం వెలిగిపోయింది. మెకానిక్ లేకుండా, ఒక్క స్క్రూ విప్పకుండా రెండు రోగాలూ కుదిరాయి. ఇళ్లల్లో మెషిన్లకు వచ్చే తిప్పలు చాలావరకు ఇలాంటివే. పైపులో చెత్త, నల్లా పైపు మొదట్లో ఉండే చిన్న జాలీకి పట్టిన ఇసుక, బోరునీళ్లతో పేరుకునే తెల్లటి పొర, నేల ఎగుడుదిగుడుగా ఉండి మెషిన్ ఊగిపోవడం... ఇవేవీ కరెంటు జబ్బులు కావు. ప్లగ్ తీసి ఎవరైనా చేసుకోవచ్చు. చేసుకోవాలి కూడా.

ఆయన ప్లగ్ పెట్టబోయాడు. ఆమె అడ్డొచ్చింది.

‘‘అన్నీ అయినయి. మరి నాకు కొట్టేదో?’’

చెప్పుల్లో దాగిన రహస్యం

‘‘అట్లయితే నువ్వు ముట్టుకుంటెనే ఎందుకు కొడ్తాంది? నన్నెందుకు కొడ్తలేదు?’’ ఆయన ప్రశ్నలో వెక్కిరింత లేదు. నిజంగానే అర్థంకాలేదు. ‘‘చెప్పులిడిసి నేను ముట్టుకుంట, ఇప్పుడే తేలిపోతది’’ అంటూ హవాయి చెప్పులు వదలబోయాడు.

‘‘వద్దు నాన్నా!’’ కూతురు చెయ్యి పట్టుకుని ఆపింది. ‘‘అట్ల పరీక్ష చేస్తరా ఎవరన్నా?’’

కానీ ఆ మాటలోనే జవాబు దొరికింది. ఆయన ఎప్పుడు పెరట్లోకి వచ్చినా రబ్బరు చెప్పులతోనే వస్తాడు. చేతులు పొడిగా ఉంటాయి. ముట్టుకునేది ఎక్కువగా ప్లాస్టిక్ మూతను. కరెంటు ఒంట్లోంచి నేలలోకి పోవడానికి దారి కావాలి. రబ్బరు ఆ దారిని మూసేస్తుంది. ఆమెకు తడి చేతులు, తడి నేల, ఒట్టి కాళ్లు. దారి బార్లా తెరిచినట్టే.

లెక్క కట్టి చూస్తే భయమేస్తుంది. పొడి చర్మం కరెంటును బాగానే అడ్డుకుంటుంది. తడిస్తే ఆ అడ్డు వెయ్యి ఓమ్‌ల దాకా పడిపోవచ్చు. మన ఇళ్లకొచ్చే కరెంటు 230 వోల్టులు. అంత కరెంటూ రేకు మీదికొస్తే, తడిసిన మనిషి ఒంట్లోంచి 230 మిల్లీ ఆంపియర్ల దాకా పారుతుంది. సుమారు ఒక మిల్లీ ఆంపియర్ పారితేనే జుమ్మంటుంది. పది దాటితే కండరాలు బిగుసుకుని పట్టుకున్న చెయ్యి వదల్లేదు. ముప్ఫై దాటి కాసేపు పారితే గుండె లయ తప్పుతుంది. ఏడాదిగా ఆమెకు అనిపిస్తున్న చీమ, తేలు... ఆ నిచ్చెనలో కింది మెట్లన్నమాట. పీట ఆమెను పైమెట్టుకు పోనివ్వలేదు. అదీ తడిస్తే ఎంతసేపు ఆపేదో!

ఆయన టెస్టర్ తెచ్చాడు. ప్లగ్ పెట్టి, రేకుకు పెయింటు పోయినచోట టెస్టర్ మొన ఆనించాడు. లోపలి చిన్న బల్బు ఎర్రగా వెలిగింది. ఎవరూ మాట్లాడలేదు. ఆయన ప్లగ్ పీకేసి, అక్కడే వరండా మెట్టు మీద కూర్చుండిపోయాడు.

‘‘ఏడాది నుంచి చెప్తనే ఉన్నవు కద...’’ అన్నాడు చాలాసేపటికి.

వెలగని బల్బు

ఎలక్ట్రీషియన్ మెషిన్ జోలికి ముందు పోలేదు. గోడకున్న సాకెట్ విప్పాడు. ఓ హోల్డర్‌కు బల్బు పెట్టి, దానికున్న రెండు వైర్లను ముందు ఫేజుకూ న్యూట్రల్‌కూ ఆనించాడు. బల్బు వెలిగింది. తర్వాత ఫేజుకూ ఎర్తుకూ ఆనించాడు. వెలగలేదు.

‘‘చూసినవా అక్కా, దీనికి మూడు రంధ్రాలున్నయి గని రెండే వైర్లున్నయి. పై రంధ్రం ఉత్తదే.’’

ఇల్లు కట్టినప్పుడు ఎర్తింగ్ గుంత తవ్వారు. బొగ్గు, ఉప్పు పోసి పైపు దింపారు. తర్వాత వెనక వరండా వేసినప్పుడు ఆ తీగ ఎక్కడో తెగిపోయింది. వరండాలో కొత్తగా పెట్టిన సాకెట్‌కు అసలు కలపనేలేదు. మెషిన్ ప్లగ్‌కున్న లావుపాటి పొడుగు పిన్ను ఎనిమిదేళ్లుగా ఖాళీ రంధ్రంలో కూర్చుంది.

ఆ పిన్ను పొడుగ్గా ఎందుకుంటుందో చాలామందికి తెలియదు. ప్లగ్ పెట్టేటప్పుడు అన్నిటికంటే ముందు అదే తగలాలి, తీసేటప్పుడు అన్నిటికంటే చివర అదే వదలాలి. మెషిన్ లోపల ఏ వైరైనా రేకుకు తగిలితే, ఆ కరెంటు మనిషిని వెతుక్కోకుండా ఈ పిన్ను గుండా నేలలోకి పోతుంది. అది ఉత్తదైతే నేలకు మిగిలిన దారి... ముట్టుకున్న మనిషే.

మరి వైరు ఎందుకు తగిలింది? మెషిన్‌ను వెనక్కి వాల్చి చూస్తే తెలిసింది. అడుగున ఉండాల్సిన జాలీ ఎప్పుడో ఊడిపోయింది. ఎలుకలు లోపలికి దూరి వైర్ల తొడుగులు కొరికేశాయి. ఒకచోట రాగి తీగ బయటపడి రేకుకు ఆనుకుని ఉంది. దానికి వరద తడి తోడైంది. ఈ పని మాత్రం ఇంటాయన ముట్టుకోలేదు. మెషిన్ మెకానిక్‌నే పిలిపించారు. ప్లగ్ తీసేసినా కెపాసిటర్‌లో కరెంటు నిల్వ ఉండొచ్చు. దాన్ని ఖాళీ చేయడం తెలిసినవాళ్ల పని. మెకానిక్ కొరికిన వైర్లు మార్చి, మోటార్లు ఆరబెట్టి పరీక్షించి, అడుగున కొత్త జాలీ బిగించాడు.

ఎలక్ట్రీషియన్ ఎర్తు తీగ కొత్తగా లాగాడు. బల్బు పెట్టి చూస్తే ఈసారి భళ్లున వెలిగింది. ‘‘కొంతమంది న్యూట్రల్‌నే ఎర్తు రంధ్రానికి కలుపుతరు. బయట న్యూట్రల్ తెగిందంటే మెషిన్ రేకంతా కరెంటే. గట్ల ఎవరన్న చేస్తనంటే చేయనియ్యకున్రి’’ అని హెచ్చరించాడు. ఎండాకాలంలో ఎర్తు గుంతలో వారానికోసారి బకెట్ నీళ్లు పోయమన్నాడు.

మీట పడిపోయిన పొద్దున

చివరగా మెయిన్ బోర్డులో ఆర్‌సీసీబీ పెట్టాడు. ‘ఎంసీబీ ఉంది కదా’ అని ఆయన అడిగాడు. చాలామందికి ఇక్కడే పొరపాటు. 16 ఆంపియర్ల ఎంసీబీ పడిపోవాలంటే అంతకు మించి కరెంటు పారాలి. అది వైర్లు కాలిపోకుండా కాపాడేది. మనిషి ప్రాణానికి 0.03 ఆంపియర్లే ప్రమాదం. రెంటికీ తేడా ఐదొందల రెట్లకు పైనే. ఆర్‌సీసీబీ లెక్క వేరు. ఇంట్లోకి వెళ్లిన కరెంటూ, తిరిగొచ్చిన కరెంటూ సమానంగా ఉన్నాయా అని చూస్తుంటుంది. 30 మిల్లీ ఆంపియర్ల తేడా వస్తే, అంటే ఎక్కడో అంత కరెంటు దారితప్పి నేలలోకి పోతుంటే, కన్నుమూసి తెరిచేలోగా మొత్తం ఆపేస్తుంది. దానికుండే టెస్ట్ మీటను నెలకోసారి నొక్కి చూస్తే పనిచేస్తోందో లేదో తెలుస్తుంది.

పెట్టిన మూడోరోజు పొద్దున్నే మీట పడిపోయింది. బడికెళ్లే టైము. చీకటి. మళ్లీ వేస్తే మళ్లీ పడింది. ‘‘ఇదేం గోస! దీన్ని తీసి డైరెక్టుగ కలిపిస్త’’ అని ఆయన విసుక్కున్నాడు.

‘‘తియ్యకు’’ అంది ఆమె. పెద్దగా అనలేదు. కానీ ఇంట్లో అందరికీ వినిపించింది. ‘‘అది కూడ నా లెక్కనే... ఏదో ఉన్నదని చెప్తాంది. చూడున్రి.’’

ఒక్కొక్క ప్లగ్గే తీసుకుంటూ చూశారు. ఇస్త్రీపెట్టె తీయగానే మీట నిలబడింది. దాని వైరు పెట్టె దగ్గర ఒరుసుకుపోయి తీగలు కనిపిస్తున్నాయి. అంతకుముందురోజు సాయంత్రం కూడా ఆ ఇస్త్రీపెట్టెతో యూనిఫాం ఇస్త్రీ చేసింది కూతురే.

కుర్చీ వేసుకుని చూసిన బామ్మ

స్వీడన్‌కు చెందిన వైద్యుడు, గణాంకాల నిపుణుడు హాన్స్ రోస్లింగ్ 2010లో ఓ ప్రసంగంలో తన చిన్ననాటి సంగతి చెప్పారు. వాళ్లింటికి మొదటి వాషింగ్ మెషిన్ వచ్చినరోజు ఆయన బామ్మ దాని ముందు కూర్చుని, ఉతకడం పూర్తయ్యేదాకా చూస్తూ ఉండిపోయిందట. మెషిన్ మిగిల్చిన సమయంలో వాళ్లమ్మ ఆయన్ని లైబ్రరీకి తీసుకెళ్లేదట. ఆడవాళ్ల చేతుల్లోంచి బండచాకిరీని తీసుకుని, బదులుగా సమయాన్ని ఇచ్చిన యంత్రం అది.

ఈ ఇంటి నాయినమ్మా అంతే. చెరువుగట్టు బండ మీద దుప్పట్లు బాది బాది భుజాలు అరిగిన మనిషి. మెషిన్ కొన్న కొత్తలో దాని ముందు కూర్చుని ‘అలుపు లేకుండ తిరుగుతాంది’ అని మురిసిపోయింది. అదే మెషిన్ కోడలికి ఏడాదిగా భయం పెడుతుంటే మాత్రం ‘చల్లగుంటది’ అని కొట్టిపారేసింది. ఆ మాట ఇప్పుడు ఆమెకు గుచ్చుకుంటూనే ఉంది. పైకి అనదు. పొద్దున్నే కోడలు వరండాలోకి వెళ్తుంటే, ‘‘చెప్పులేసుకో బిడ్డా... తులసమ్మ ఏమనుకోదు’’ అంటుంది.

మెషిన్ ఇప్పుడు బాగానే తిరుగుతోంది. మీ ఇంట్లోనూ ఎవరైనా ‘జుమ్మంటోంది’ అంటే ముట్టుకుని చూడకండి. ‘నాకేం కాలేదే’ అనకండి. మెయిన్ ఆపి ప్లగ్ తీయండి, ఎలక్ట్రీషియన్‌ను పిలవండి. ఎవరికైనా షాక్ కొట్టి వస్తువుకు అతుక్కుపోతే వాళ్లను చేత్తో పట్టుకోవద్దు. ముందు మెయిన్ ఆపాలి. అది అందకపోతే పొడి కర్రతో విడిపించాలి. తర్వాత 108కి ఫోన్ చేయాలి. బయటి లైనులో తేడా ఉంటే కరెంటోళ్ల నంబరు 1912.

ఆ పాత చెక్కపీట తిరిగి వంటింట్లోకి వెళ్లింది. సాయంత్రం దానిమీద కూర్చుని నాయినమ్మ చిక్కుడుకాయలు తుంపుతోంది.